వాహనం కాని బండి

సుస్థిర రవాణా, శుద్ధ సాంకేతికతల మీద ఉమ్మడి పరిశోధనకు విత్తన నిధి ఇస్తామని విశ్వవిద్యాలయం ప్రకటించిన రోజున, ఏళ్ళ తరబడి ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరు ఆచార్యులు గ్రంథాలయం మెట్ల మీద కౌగిలించుకున్నారు. చూసినవాళ్ళు కళ్ళు నులుముకున్నారు.

పెద్దవాడు బ్యాటరీల శాఖకు అధిపతి, చిన్నవాడు రోడ్ల శాఖకు. చిన్నవాడి అక్కను పెద్దవాడు చేసుకున్నాడు. దాయాది చావ కోరతాడు, బావమరిది బతక కోరతాడు అని సామెత. ఈ ఇంట మాత్రం దాయాది పని కూడా బావమరిదే చూసుకునేవాడు. ఎప్పుడో ఒక వ్యాసం మీద ఎవరి పేరు ముందుండాలన్న తగాదాలో ఇద్దరికీ మాటలు తెగిపోయాయి. ఇప్పుడొచ్చిన నిధికి ఒక నియమం ఉంది: రెండు శాఖలు కలిసి అడిగితేనే ఇస్తారు. రక్తసంబంధం కలపలేని మనసులను, భగవన్నామం కలపలేని మనసులను ఒక నియమం కలిపింది. అది నియమం మహిమ కాదు, నిధి మహిమ.

సుస్థిరమంటే కదలనిది. రవాణా అంటే కదిలేది. ఈ రెండు మాటలనూ ఒకే తాటికి కట్టిన మహానుభావుడు నిఘంటువు తెరిచిన పాపాన పోలేదు. అయినా తర్వాత జరిగినది చూస్తే, తెలియక పెట్టిన పేరే తగిన పేరని ఒప్పుకోక తప్పదు.

బ్యాటరీల శాఖలో తాత్కాలిక ఉద్యోగం మీద ఒక పరిశోధకురాలు ఉండేది. శాఖ ఒక్క మరమేకైనా ఇవ్వకపోతే, తన జీతంతో పాత మూడుచక్రాల తొక్కుడుబండి కొని, దానికి చిన్న మోటారు అమర్చింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ మోటారు తొక్కేవాడికి తోడవుతుంది. దిగేటప్పుడు అదే బండిని వెనక్కు పట్టి నిదానింపజేస్తూ, ఆ ఊపును కరెంటుగా మార్చి బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. గది నేల మీద అంతా సవ్యంగానే నడిచింది. నిండు బరువుతో ఏటవాలు దిగేటప్పుడు ఆ పట్టు నిలుస్తుందో, మోటారు మాడిపోతుందో మాత్రం వాలు మీదే తేలాలి. పరీక్షలకని కట్టిన వాలుబాట రోడ్ల శాఖ పెరట్లో ఉంది. శాఖల మధ్య మాటలు లేవు గనుక బండికి దారి లేదు. విద్యాసంవత్సరం ముగిసేలోగా ఫలితం చూపకపోతే ఆమె ఉద్యోగం దానితోపాటే ముగుస్తుంది.

అందువల్ల ఆ కౌగిలి చూసి నిజంగా సంతోషించినది ఆమె ఒక్కతే.

మధ్యాహ్నం పెద్దాయన గదిలో టీ, బిస్కెట్లతో ఉమ్మడి పరిశోధన మొదలైంది.

"బావా, ముందు పేర్లు తేల్చేద్దాం. ఏ వరుసలో వేద్దాం?" అన్నాడు చిన్నాయన.

కప్పులో తిరుగుతున్న చెంచా ఆగింది.

"అక్షరక్రమంలో వేస్తే సరి," అన్నాడు పెద్దాయన.

"అలా వేస్తే మీదే ముందొస్తుంది కదా!"

"అది నేను పెట్టుకున్న పేరా? మా అమ్మానాన్న పెట్టింది."

"ఏం ముందుచూపండీ మీ అమ్మానాన్నది!"

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు సాయంత్రం దాకా పేర్ల మీదే పట్టుదల సాగింది. గుమ్మంలో నిలబడ్డ పరిశోధకురాలు ఆగి ఆగి అడిగింది.

"సార్, ఒక్క పూట వాలుబాట ఇప్పిస్తే..."

"నువ్వుండమ్మాయ్. ముందు నిధి రానీ. పరిశోధన ఎక్కడికి పోతుంది?"

"బండి కిందే ఉంది సార్. ఒక్కసారి మీరు చూస్తే..."

"చూశాంలే, కిటికీలోంచి."

వారం తిరగకుండా ఇద్దరూ ఉపకులపతి ఎదుట కూర్చున్నారు. ఆయన సౌమ్యుడు, అంటే ఏ తగాదా విన్నా నిద్ర వచ్చే మనిషి. "ఈ విత్తనం అసలు ఎవరిదండీ?" అని మాటవరసకు అడిగాడు. అడగకుండా ఉంటే బాగుండేది.

"బీజం మా శాఖదండీ," అన్నాడు పెద్దాయన. "మా వాడిది కేవలం క్షేత్రం."

"కేవలమా? శాస్త్రం ప్రకారం పంట పొలం గలవాడిది బావా! విత్తనం ఎవడు చల్లినా సరే!"

"పొలమట పొలం! తారు పోసినచోట ఏం మొలుస్తుందిరా?"

"రా అన్నారు! విన్నారా సార్, నలుగురిలో రా అన్నారు!"

"అక్క మొగుణ్ణి, ఆ మాత్రం అనకూడదూ?"

బీజం గొప్పదా, క్షేత్రం గొప్పదా అన్న విచారణ మన ధర్మశాస్త్రాలకు కొత్త కాదు. అయితే విత్తక ముందే కోత కోసం కొట్టుకునేవాళ్ళు పుడతారని ఆ ఋషులకు పాపం తోచి ఉండదు.

"గొడవెందుకు, చెరి సగం తీసుకోండి," అన్నాడు ఉపకులపతి లేస్తూ. కలిసి పని చేయమని ఇచ్చిన నిధి కలవనక్కర లేకుండా పంపకమైంది. పప్పుబద్ద నాటి మొక్క కోసం ఎదురుచూసే రైతు ఎక్కడా ఉండడు. విద్వాంసులకు ఆ ఇబ్బంది లేదు.

పెద్దాయన తన బద్దతో గదిలో ఏసీ, తిరిగే కుర్చీ, గోడంతా అద్దం పెట్టించాడు. శుద్ధ సాంకేతికత అంటే గది శుద్ధి అని ఆయన భాష్యం కాబోలు. చిన్నాయన వాలుబాటకు అడుగు నుంచి కొస దాకా పచ్చరంగు వేయించాడు. ఆ రంగు చెడకుండా మొదట్లో బోర్డు పాతించాడు: వాహనములకు ప్రవేశము లేదు.

సుస్థిర రవాణా అక్కడ సిద్ధించింది.

పరిశోధకురాలు పెద్దాయన దగ్గరికి వెళితే, "నన్నడుగుతావేం? బాట అతగాడిది," అన్నాడు. చిన్నాయన దగ్గరికి వెళ్ళింది.

"రంగు ఆరలేదమ్మా. ఆరాక చూద్దాం."

"ఆరాక రమ్మంటారా సార్?"

"ఆరాక ప్రారంభోత్సవం కదా!"

"ఆ తర్వాత?"

"తర్వాత మాత్రం రంగు పాడవదూ? నువ్వు చెప్పమ్మా!"



ప్రారంభోత్సవం వాలు కొసన, మెరక మీద పెట్టాలని ఉపకులపతికి ముచ్చట పుట్టింది. కుర్చీలు అద్దెకిచ్చే మనిషి లారీ వేసుకుని వచ్చి, బోర్డు చదివి, సరుకంతా కిందే దించి, తానూ ఒక కుర్చీలో కూర్చున్నాడు.

"పైకెక్కించవయ్యా!" అని అరిచాడు చిన్నాయన.

"మోసే మనుషుల్ని చెప్పలేదు కదండీ. లారీ ఎక్కనివ్వండి, చిటికెలో దింపి పోతా."

"లారీ ఎక్కితే రంగు పోతుందయ్యా!"

"ఎక్కకపోతే నా కూలి పోతుందండీ."

చిన్నాయన చూపు అటూ ఇటూ తిరిగి, బ్యాటరీల శాఖ గోడవారనున్న బండి మీద ఆగింది. "అమ్మాయ్! నీ బండి పట్రా. కుర్చీలు దాని మీద ఎక్కిద్దాం."

"బోర్డు ఉంది కదా సార్."

"బోర్డు వాహనాలకి. నీది బండేగా!"

పెద్దాయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. "బండేంటోయ్? మా శాఖ తయారుచేసిన వాహనం అది!"

"వాహనమైతే ఎక్కకూడదు బావా. మరి కుర్చీలు మీరు మోస్తారా?"

గేటు దగ్గర ఉపకులపతి కారు హారన్ మోగింది. పెద్దాయన కుర్చీల గుట్టను చూశాడు. ఇస్త్రీ మడత చెడని తన కోటును చూసుకున్నాడు.

"సరే. వాహనం కాదు."

"గట్టిగా అనండి. రేపు మాట మారుస్తారు మీరు."

"వాహనం కాదయ్యా! నా నోటితో నేనే అంటున్నా. చాలా?"

ఆ మాట పక్కనే నిలబడి ఆమె విన్నది. వాదించలేదు. దారి దొరికింది కదా, బిరుదు పోతే పోయింది. కుర్చీల మీద కుర్చీలు పేర్చింది. ఉపన్యాస పీఠం ఎక్కించింది. మైకు పెట్టెలు కూడా అడిగి ఎక్కించింది.

"ఇంత బరువు లాగుతుందా అమ్మా?" అన్నాడు కుర్చీల మనిషి.

"తెలుసుకుందామనే."

బండి మూలుగుతూ ఎక్కింది. పైన ఉపన్యాసాలు జరిగాయి. బావ బీజాన్ని, బావమరిది క్షేత్రాన్ని, ఉపకులపతి ఇద్దరినీ పొగిడారు. బండి మాట ఎవరూ ఎత్తలేదు. సభ ముగిసి అంతా టీ దగ్గర చేరినప్పుడు, ఆమె ఆ బరువంతా మళ్ళీ ఎక్కించుకుని దిగడం మొదలుపెట్టింది.

అసలు పరీక్ష అదే. బ్రేకు మీద వేళ్ళు ఆనించింది గాని నొక్కలేదు. బండి ఒక్కసారి ముందుకు తూగింది.  మోటారు పట్టుకుంది. సన్నని ఝంకారంతో, పెద్దమనిషి మెట్లు దిగినంత నిదానంగా, వాలు చివరిదాకా దిగింది. కింద ఆగగానే ఆమె మోటారు మీద అరచెయ్యి ఆనించి చూసింది. వెచ్చగా ఉంది, చెయ్యి తీయనక్కర లేనంత. బ్యాటరీ మీటరు ముల్లు లేచి ఉంది.

కుర్చీల మనిషి దగ్గరికొచ్చాడు. "అమ్మా, ఇలాంటిది నాకొకటి చేసిపెట్టవూ? లారీ దూరని సందులు బోలెడున్నాయి."

"ఇది వాహనం కాదటన్నా. విన్నావుగా."

"కాకపోతే పోనీ. కుర్చీలెక్కాయా? దిగాయా?"

ఆమె చాలాకాలానికి నవ్వింది.

పచ్చరంగు మీద మూడు నల్లని చారలు పడ్డాయి. చిన్నాయన వాటిని చూసి శోకాలు పెట్టాడు. తర్వాత ఆ చారల ఫొటోనే పరిశోధన ఫలితంగా నివేదికలో చేర్చాలని పెద్దాయనకు తట్టింది. దాని కింద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర మళ్ళీ మాటలు తెగిపోయాయి.

ఉద్యోగాల పొడిగింపు సభలో పరిశోధకురాలు తన ఫలితం చూపించింది. ఉపకులపతి కళ్ళు చికిలించి, "ఇది వాహనం కాదని శాఖాధిపతే అన్నారట కదమ్మా? వాహనం కానిదానికి రవాణాలో చోటేముంది?" అన్నాడు. అందరూ పెద్దాయన వైపు చూశారు. ఒక్క మాట చాలు. అనడానికి నోరుంది. అయితే ఆ మాట అంటే, నలుగురిలో తాను తప్పు మాట అన్నానని ఒప్పుకున్నట్టవుతుంది, పైగా బావమరిది ఎదురుగా కూర్చుని పెదవి కొరుక్కుంటూ ఎదురుచూస్తున్నాడు. పెద్దాయన గడియారం చూసుకున్నాడు.

ఉద్యోగం పోయింది.

మర్నాడు ఆమె తన బండిని తాను తొక్కుకుంటూ గేటు దాకా వచ్చింది. కాపలా ముసలాయన అడ్డుకర్ర దించాడు.

"ఆగమ్మా. వాహనం బయటికి పోవాలంటే పెద్దసార్ సంతకం కావాలి."

"ఇది వాహనం కాదు బాబాయ్."

"మరేంటి?"

"ఏంటో ఎవరూ చెప్పలేదు. కాదని మాత్రం తేల్చారు. కావాలంటే అడిగి చూడు."

అతను లోపలికి ఫోను చేశాడు. కాసేపు ఊకొట్టాడు. "కాదంట," అన్నాడు తల గోక్కుంటూ, అడ్డుకర్ర పైకి లేపాడు.

గేటు బయట రోడ్డు పల్లం. కుర్చీల మనిషి దుకాణం ఆ పల్లం చివరే ఉంది. ఆమె తొక్కడం ఆపి కూర్చుంది. మోటారు పట్టుకుంది.