ఇప్పచెట్ల నక్షా

పాలంపేట దాటాక అడవి అంచున తను కొన్న గుట్ట మీద ఇంటికి నక్షా గీసిమ్మని రాంచందర్ అడిగాడు. హన్మకొండలో అతనికి టింబర్ డిపో ఉంది. నాతో బడిలో చదివినవాడు. ఏళ్ల తరబడి డబ్బాల్లాంటి ఇళ్లు గీసి విసిగిన నాకు, 1983 వేసవిలో ఆ పని వరంలా తోచింది.

గుట్టను చదును చేయను. ఇల్లే వాలు వెంట మెట్లుమెట్లుగా దిగాలి. గోడలకు అక్కడి రాయే. ఇప్పచెట్టు అడ్డొస్తే గోడ వంగాలి.

పట్టా ఎవరిదైనా ఆ గుట్ట మీద ఒక్కో ఇప్పచెట్టు పువ్వు ఏరుకునే హక్కు కింది వాడలో ఒక్కో ఇంటిది. ఏ చెట్టు ఎవరిదో కూలికి వచ్చిన చిలుకమ్మ చూపించింది. తన చెట్టు దగ్గర ఆగి, ఇల్లు లేస్తే దీన్ని కొట్టరు కదా అని అడిగింది. ఒక్కటీ కొట్టరని మాటిచ్చాను.

చెట్ల చుట్టుకొలత, ఎత్తు కూడా రాయమన్నాడు రాంచందర్. నక్షా నిండుగా ఉంటుందట. టేపు రెండో కొస చిలుకమ్మే పట్టింది.

దసరా తర్వాత పునాది గుర్తులు పెట్టడానికి వెళితే మొదళ్లే మిగిలాయి. తిన్నగా డిపోకు వచ్చాను.

"గట్ల జూస్తవేంది భాయ్? చెట్లు కొట్టే పర్మిట్‌కు నీ నక్షానే పెట్టిన. మల్ల కొలిచే పనే పడలే," అన్నాడు రాంచందర్, చాయ్ నా వైపు జరుపుతూ. ఇంటి సంగతి అడిగితే, తర్వాత చూద్దామన్నాడు.

మళ్లీ పాలంపేట బస్సెక్కి, దారంతా అతన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. కానీ కొలతలు రాస్తున్నప్పుడే నాకొక ప్రశ్న వచ్చింది. చెట్టు ఎక్కడుందో తెలిస్తే గోడకు చాలు. అందులో కలప ఎంతుందో ఎందుకు? అప్పుడతను నా గీతను పొగుడుతున్నాడు. ప్రశ్నను పక్కకు నెట్టింది నేనే.

చిలుకమ్మ తన గుడిసె ముందు కూర్చుని ఉంది. లేవలేదు.

"చెట్లు సూపిచ్చింది నువ్వేనని వాడంత నన్నే అంటాండ్లు సారూ. నాతోని మాట్లాడుడు బంద్ జేసిన్రు. నీకెరుకేనా, కొడ్తరని?"

తెలియదని చెప్పడానికే వచ్చాను. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"అనుమానమొచ్చింది. అడగలే," అన్నాను.

ఆమె కొంగు బిగించి లేచింది.

"గదే మాట వాడల జెప్పు," అని ముందు నడిచింది. నేను వెనకే నడిచాను.