ముళ్ళపంది పక్క

ఒటకర్ తడిగుడ్డతో చెస్ట్‌నట్ చెట్టు మొదలు తుడుస్తూనే ఉన్నాడు. బియ్యపుగింజ కంటే చిన్న పురుగులు, ఇటుకరంగు రెక్కల మీద తెల్ల చారలతో, బెరడంతా వాలి ఉన్నాయి. ఒకవైపు తుడిస్తే రెండోవైపు చేరుతున్నాయి. వ్లాస్తా వచ్చేలోగా ఒక్కటి కూడా మిగలకూడదు.

బొహేమియా పల్లెలో ఆరుబయట బల్లలేసి బీరు పోసే ఆ తోటకు మిగిలిన నీడ ఆ ఒక్క చెట్టే. ఈ ఏప్రిల్‌లో పురుగు కనిపించకపోతే దాన్ని నరికించనని యజమానురాలు వ్లాస్తా మాటిచ్చింది. ఆ పురుగు ఆకు మీద గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆకు పొరల మధ్య దూరి తింటాయి. నడివేసవికే చెట్టు మాడిపోయి, బీరు గ్లాసుల్లో ఆకులు రాలుతాయి. రాలిన ఆకులోనే గూట్లో ముడుచుకుని పురుగు చలికాలం దాటేస్తుంది. అందుకే తోటపని చూసే ఒటకర్ పోయిన ఆకురాలు కాలంలో నడుము పట్టేసేదాకా ఊడ్చి, ఆకులన్నీ కాల్చాడు.

"ఏమయ్యా, చెట్టుకు స్నానమా? నా వీపెప్పుడైనా రుద్దావా?" పాక వెనక నుంచి భార్య యార్మిల పిలిచింది. "ఇటు రా. మనవాడు నిద్ర లేచాడు."

ఆకులకుప్పలోంచి దోసెడంత ముళ్ళపంది ముక్కు బయటపెట్టింది. చలికాలమంతా నిద్రపోయే ముళ్ళపందులకు ఆకుల పక్క వెయ్యని పెరడు ఆ ఊళ్లో లేదు. యార్మిల అడిగితే ఒటకర్ కూడా ఒక తోపుడుబండెడు ఆకులు తెచ్చి పోశాడు. ఈ చెట్టువే. అప్పుడేమీ తోచలేదు.

కుప్ప మీద సన్నటి పొడిలా ఏదో లేస్తోంది. వంగి చూశాడు. అవే పురుగులు.

"ఏంటలా పాలిపోయావ్?"

"నడుం."

గేటు దగ్గర వ్యాను ఆగింది. వ్లాస్తా వెంట రంపం పని చేసే బొహుష్ దిగాడు. ఆమె బెరడు మీద అరచెయ్యి ఆనించి తీసింది. చేతికి ఇటుకరంగు పొడి అంటింది.

"మీరు మాత్రం ఏం చేస్తారు, ఒటకర్ గారూ. పక్క తోటల్లోంచి వచ్చుంటాయి."

అతను పాక వైపు చూశాడు. యార్మిల పళ్ళెంలో ముళ్ళపందికి తిండి పెడుతోంది.

"ఇంకొక్క ఏడాది చూడండమ్మా."

"పోయినేడూ అదే అన్నారు."

"గొడుగులేయిద్దాం. వాటికి ఆకులు రాలవు," అన్నాడు బొహుష్, రంపం దింపుతూ.

చెట్టును పక్కకు లాగి కూల్చే తాడు ఒటకర్ పట్టుకున్నాడు. పట్టుకొమ్మన్నారు కాబట్టి.

సాయంత్రానికి బల్లల మీద ఎండ ఏటవాలుగా పడింది. ముళ్ళపంది రంపపుపొట్టు మీదుగా నడిచి, కంచె కింద దూరి వెళ్లిపోయింది. పాక వెనక కుప్పలో దాని ఒంటి ఆకారంలో గుంట మిగిలింది. గుంట అంచున ఒక ఎండుటాకులోంచి, పగిలిన ఖాళీ పురుగుగూడు సగం బయటికి పొడుచుకొని ఉంది.