అన్నయ్యకు కనబడే గీత

కంప్యూటర్ తెర మీది గ్రాఫు అడుగు గీతను ఇంకొక్క వెంట్రుకవాసి పలచన చేసి, కుర్చీ వెనక్కి జరుపుకుని, ఒక కన్ను మూసి చూశాడు. నచ్చలేదు. మళ్లీ మందం చేశాడు. పొద్దున్నుంచీ ఇదే తంతు. పక్క బల్లల వాళ్లు ఆయన్ని రంగులాయన అంటారు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనబడదు. దానికి ఆయనకు బెంగేమీ లేదు.

అంకెలిస్తే గ్రాఫులు గీసిపెట్టే లైబ్రరీని, అంటే వేరే ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడుకునే కోడు మూటను, ఆ ఆఫీసు వాళ్లు తయారుచేసి నలుగురికీ ఇస్తారు. ఇన్నాళ్లూ దాన్ని వాడేవాళ్లు ప్రతి గ్రాఫుకీ రంగులూ, అక్షరాల సైజూ, గీతల మందమూ మొదట్నుంచీ రాసుకోవాల్సి వచ్చేది. ఒకడు తెలుపు మీద పసుపు రాసేవాడు, ఇంకొకడు కళ్లు జిగేల్‌మనేలా గులాబీ పులిమేవాడు. చూడలేక చచ్చిపోతున్నాననీ, థీములు పెడదామనీ రంగులాయనే పోరుపెట్టాడు. ముస్తాబంతా ఒక్కసారి కుదిర్చి ఒక పేరు కింద దాచేస్తే, ఆపైన ఎవరైనా ఆ పేరు రాసుకుంటే చాలు. మొదటి థీము ఆ సాయంత్రం లైబ్రరీ కొత్త విడుదలలో వెళ్లాలి. తప్పితే మళ్లీ వానలు వెలిశాకే.

మధ్యాహ్నం లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. అన్నయ్య గుండెజబ్బుతో అక్కడ పడుకుని ఉన్నాడు. డాక్టర్లు ధైర్యం చెప్పడం మానేశారు. అన్నయ్యకు పుట్టుకతోనే ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. రైలు నడపాలని కలలు కని, కంటి పరీక్షలో దెబ్బతిని, పార్సిళ్ల గోడౌన్‌లో గుమాస్తాగా బతుకు వెళ్లదీశాడు. ఏ గ్రాఫు గీసినా తమ్ముడు ముందు ఆయనకే చూపించేవాడు. ఈసారి మాత్రం జబ్బు మనిషిని విసిగించడమెందుకని ఊరుకున్నాడు. తీరా మంచం పక్కన కూర్చున్నాక చెయ్యి ఊరుకోక లాప్‌టాప్ తెరిచాడు.

అన్నయ్య చాలాసేపు చూశాడు. "బాగుందిరా. కానీ రెండు గీతలూ ఒకలాగే ఉన్నాయి. దాటుకున్నాక ఏది పైకి పోయింది, ఏది దిగింది?"

రంగులాయన తెర వంక మళ్లీ చూశాడు. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కనే పెట్టాడు! లోకంలో ఇంకెవరు చేసినా సరే, ఈ తప్పు తను చెయ్యకూడదు. మార్చేస్తానని గొణిగాడు.

"నా ఒక్కడి కోసం అందర్నీ ఆపుతావట్రా? పోనీలే. నాకలవాటే," అని అన్నయ్య దిండు మీదికి ఒరిగాడు.

‘నాకలవాటే’ అన్న ఆ మాట ఆయన్ని దారంతా తొలిచేసింది. ఆఫీసులో టీం లీడర్ అమ్మాయి చెడ్డది కాదు. రంగులకు అందరూ ఒప్పుకున్నారనీ, ఇప్పుడు ముట్టుకుంటే మళ్లీ అందర్నీ అడగాలనీ, విడుదల తప్పిపోతుందనీ నెమ్మదిగానే చెప్పింది. నిజమేనని రంగులాయనకూ తెలుసు. వరండాలో అటూ ఇటూ తిరిగాడు. తెచ్చుకున్న టీ చేతిలోనే చల్లారిపోయింది.

రంగుల జోలికి పోకపోతేనేం? ఆ ఆలోచన రాగానే టీ గట్టు మీద వదిలేసి బల్ల దగ్గరికి పరుగెత్తాడు. ఒక గీత నిండుగా, రెండోది ముక్కలు ముక్కలుగా, మూడోది చుక్కలుగా. ప్రతి గీత చివరా దాని పేరు. అదంతా థీములోనే పెట్టేశాడు. ఇక ఆ పేరు రాసుకున్నవాడికి తెలిసినా తెలియకపోయినా అన్నయ్యలాంటివాళ్లకు గ్రాఫు అర్థమై తీరుతుంది. టీం లీడర్ అమ్మాయి ఆ గ్రాఫును నలుపు తెలుపుల్లోకి మార్చి పరీక్షగా చూసింది.

"దీన్ని వెళ్లనిద్దాం బాబాయ్," అంది.

గ్రాఫు బొమ్మను అన్నయ్య ఫోనుకు పంపాడు. విడుదల గట్టెక్కింది. జవాబు రాలేదు. నిద్రపోయి ఉంటాడనుకుని, పొద్దు వాలుతుండగా ఆసుపత్రికి నడిచాడు.

వదిన వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఆవిడ మొహం చూసి ఎదురుగా ఆగిపోయాడు.

"నువ్వు పంపింది చూశారు," అంది వదిన. "ముక్కల గీతని వేలితో చివరిదాకా పట్టుకెళ్లి, ఇదేనే కిందికి దిగింది, అన్నారు. సరిగ్గానే చెప్పారా?"

"సరిగ్గానే చెప్పాడు వదినా."

"తర్వాత పడుకున్నారు. మరి లేవలేదు."

అక్కడే, అంతమంది మధ్య, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడే లేచి వీపు నిమిరింది.

సామాన్లు సర్దడానికి ఇద్దరూ లోపలికి వెళ్లారు. కుర్చీకి వేలాడుతున్న ఎర్ర చొక్కా తియ్యబోతే కాలరు లోపల తెల్ల దారంతో వేసిన కుట్లు కనిపించాయి. చిరిగిందేమో అనుకుని వేలితో తడిమాడు.

"చిరగలేదు," అంది వదిన. "ఒక కుట్టుంటే ఆకుపచ్చ చొక్కా, రెండుంటే ఎర్రది. పెళ్లయిన కొత్తలోనే అన్ని చొక్కాలకీ నాచేత వేయించుకున్నారు. నువ్వు బాధపడతావని నీకు చెప్పొద్దన్నారు."

చాచిన చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. ఇంటికెళ్లే రోజు వేసుకుంటానని అన్నయ్య తెప్పించుకున్న ఆ చొక్కా, కాలరు లోపల రెండు కుట్లతో, కుర్చీకి అలాగే వేలాడుతోంది.