అంబదాస్ సాంచెలు

పొద్దున ఎనిమిదింటికి అంబదాస్ షెడ్డులోకి వచ్చి, నాలుగు సాంచెల, అంటే మరమగ్గాల, నాడెల్లో నూలు కండెలు పెట్టి మోటారు వేస్తాడు. సిరిసిల్లలో సాంచెలన్నీ కరెంటు పోతే ఆగుతాయి. అంబదాస్‌వి అతను మూత్రానికి గోడవతలికి పోయినా ఆగుతాయి, తిరిగొస్తే నడుస్తాయి. పదిహేనేళ్లుగా అంతే. షెడ్డులో అదొక ముచ్చటే కాదు.

ఎనభై ఏడు ఎండాకాలంలో సాంచెలు మాటిమాటికీ ఆగడం మొదలైంది. ఆగితే ఒక పట్టాన కదిలేవి కావు. అంతసేపూ అంబదాస్ గోడ దగ్గరే నిలబడేవాడు. చుక్కచుక్కగా వచ్చేది, ఇంకా మిగిలే ఉండేది. భయం లేదు, సిగ్గూ లేదు, అసలేమీ అనిపించేది కాదు. నీళ్లు తాగడం మాత్రం మానేశాడు.

యజమాని లక్ష్మీరాజం మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రి బెల్టులు మార్చి, మోటారు విప్పి బిగించాడు. రోగం తనదని అంబదాస్ నోరు విప్పలేదు.

ఒక మధ్యాహ్నం అతను గోడ దగ్గర్నుంచి వచ్చినా సాంచెలు కదల్లేదు.

"ఇగ తుక్కుకు అమ్ముడే," అన్నాడు లక్ష్మీరాజం.

సద్ది తెచ్చిన చంద్రవ్వ సాంచెల వంక చూసి, మొగుడి పొత్తికడుపు మీద చెయ్యి పెట్టింది. రాయిలా ఉంది.

"సాంచెలకేం గాలే సేటూ, గీయనకే అయింది. ఎప్పటిసంది వస్తలేదయ్యా?"

"నిన్న మాపటిసంది," అన్నాడు అంబదాస్, ఎవరి సంగతో చెప్పినట్టు.

కరీంనగర్‌లో డాక్టరు గొట్టం వేసి మూత్రం తీసేశాడు. "మూత్రం సంచి కింద గ్రంథి ఉంటది. వయసు మీద పడ్డంక ఉబ్బి దారిని నొక్కుతది. శానమంది మొగోళ్లకు అయ్యేదే. నీళ్లు మానేస్తే తగ్గదు. ఇంకా ఆగితే కిడ్నీలు ఖరాబైతుండె. ముందే ఎందుకు రాలే?"

"సాంచెలు చెడిపోయినయనుకున్నరు," అన్నాడు అంబదాస్.

డాక్టరు తలూపి ఆపరేషన్‌కు రాసిచ్చాడు.

రెండు నెలలకు అంబదాస్ పనిలోకి వచ్చాడు. వారం రోజులు సాంచెలు చక్కగా నడిచాయి. ఎనిమిదో రోజు, అతను వాటి మధ్యనే నిలబడి ఉండగా, నాలుగూ ఒక్కసారే ఆగాయి. కరెంటు ఉంది. పోగు తెగలేదు. అంబదాస్ కిటికీలోంచి చూశాడు. గోడ దగ్గర లక్ష్మీరాజం నిలబడి ఉన్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

అంబదాస్‌కు గుండెలో కలుక్కుమంది. ఏడాదిగా ఏదీ తాకని మనిషి. బయటికి వచ్చి లక్ష్మీరాజానికి ఎదురు నిలబడ్డాడు.

"రేపు కరీంనగర్ పోదాం సేటూ. నేను ఎంబడొస్త."

లక్ష్మీరాజం పంచె సర్దుకుంటూ అటూ ఇటూ చూశాడు.

"నొప్పి పెడ్తదానె?" అని మెల్లగా అడిగాడు.