ఛాయ ఎట్లుంది?

ఆ మాట లక్ష్మీబాయి చెవిన రోజూ పడుతూనే ఉండేది. పడ్డది పడ్డట్టే జారిపోయేది. రైతుల పసుపును కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి దుకాణం వాళ్ళ ఇంట్లో ఛాయ అన్నమాట కొత్తదా? ఆమె కోడలై వచ్చిన నాటినుంచీ ఆ ఇంట్లో పసుపు రంగును ఎవరూ రంగు అనలేదు, ఛాయ అనే అన్నారు. పసుపు కొమ్ము విరిచి, విరిగిన చోటు వెలుతురుకు పెట్టి "ఛాయ ఉన్నది" అనో "ఛాయ లేదు" అనో ఆమె మామ చెప్పేవాడు. ఆయన పోయాక ఆమె భర్త నాగేశ్వర్ చెబుతున్నాడు. ఆర్మూరు మార్కెట్టుకు పసుపు దిగే కాలంలో ఆ ఇంట్లో అన్నం కూరల గురించి కన్నా ఛాయ గురించే ఎక్కువ మాట్లాడుకునేవారు.

కాబట్టి నాగేశ్వర్ అరుగు మీద నిలబడి ఫోనులో దోస్తు లచ్చన్నను "ఏం రా, రేపు పొద్దుగాల ఛాయ వస్తదా?" అని అడిగితే ఆమెకు అనుమానం ఎందుకొస్తుంది? "రాదా? అరెరె! ఛాయ లేకపోతే గంత దూరం పోయి ఏం ఫాయిదా రా?" అంటే, ఎవరో రైతు పసుపు సరిగ్గా ఆరలేదనుకుంది. "ఛాయను చూస్తె పానం లేసొస్తది" అన్నప్పుడు మాత్రం, ఈ వయసులో కూడా వ్యాపారమంటే ఎంత మోజు ఈ మనిషికి అని లోలోపల మురిసింది.

ఆమెకు మొదటినుంచీ ఒక్కటే భయం, ఇంట్లోంచి మనిషి పోవడం. చిన్నప్పుడు తల్లి జాతరకని పోయి జ్వరంతో అక్కడే కన్నుమూసింది. తర్వాత అన్నలు, అక్కలు, ఒక్కొక్కరే. గుమ్మం దగ్గర భర్త చెప్పులు కనబడకపోతే చాలు, ఆమె వీధిలోకి వచ్చి నిలబడేది. పొద్దు పొడవకముందే ఆయన గుట్టకు పోవడం మొదలుపెట్టినప్పుడూ అట్లాగే నిలబడింది. "సూర్యుణ్ణి చూస్తున్నమే. ఉత్త కండ్లతోని. షుగర్ తగ్గుతదట" అని ఆయన చెప్పాక ఊరుకుంది. సూర్యుడి దగ్గరికి పోయినవాడు ఇంటికి రాక ఎక్కడికి పోతాడు?

అట్లా ఉండగా ఒకనాడు దుకాణం వెనక పసుపు ఏరుతున్న రత్నవ్వ దగ్గర కూర్చుని, తన బాధ చెప్పుకుంది.

"మా ఆయన ఈసారి జర దిగాలుగున్నడు రత్నవ్వా. రోజు గదే ముచ్చట, ఛాయ వస్తదా, ఛాయ రాదా అని. వస్తలేదట పాపం."

రత్నవ్వ చేతులు ఆగిపోయాయి. "ఛాయ రాకపోవుడేందమ్మా? మా అల్లుని ఆటోలనే గదా వచ్చేది!"

"పసుపు ఆటోల తెస్తున్నరా?"

"ఓ నా తల్లీ!" రత్నవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆగక. "ఛాయంటే పసుపు గాదు, మనిషి. ఆడమనిషి. గుట్టమీద అందర్ని నిలవెట్టి సూర్యుణ్ణి చూపిచ్చే మేడం పేరే ఛాయాబాయి. భీమ్‌గల్ల డ్రిల్లు టీచర్ చేసి రిటైరైందట. మా అల్లుడు ప్రభుదాసే రోజు తీసుకొస్తడు."

లక్ష్మీబాయి నవ్వలేదు. ఇన్నాళ్ళూ విన్న మాటలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగొచ్చి ఎదురుగా నిలబడ్డాయి. ఛాయ వస్తదా. ఛాయ లేకపోతే ఏం ఫాయిదా. ఛాయను చూస్తె పానం లేసొస్తది. లేసొస్తది మరి, ఎందుకు రాదు! ఆ మాటలకు తాను మురిసిపోయింది. ఆ మురిసిన సంగతి తల్చుకుంటేనే ఒళ్ళు మండింది.

"ఎట్లుంటది?" అని అడిగింది.

"ఎవరు?"

"ఇంకెవరు? ఛాయ."

"నేనెన్నడు చూసిననమ్మా! మా అల్లుడు మాత్రం ఆమె ఆటో దిగిందంటే అందరు బడిపిల్లలోలె లైను కడ్తరు అంటడు."

అప్పటినుంచి లక్ష్మీబాయికి ఇంట్లో ప్రతి వస్తువూ ఆ మనిషి తెచ్చి పెట్టినట్టే కనిపించింది. మేడ మీద గోడ వెంబడి రంగు సీసాల్లో నీళ్ళు ఉంటాయి. పసుపుపచ్చది కడుపుకు, నీలంది తలకు, ఎర్రది నరాలకు. ఎండలో పెడితే ఆ రంగు శక్తి నీళ్ళలోకి దిగుతుందట. సూర్యుడి రథానికి ఏడు గుర్రాలంటే ఏడు రంగులేనట, మన పెద్దలు సైన్సునే గుర్రాలని చెప్పారట. ఇదివరకు ఆ సీసాలను ఆమే రోజూ తుడిచి ఎండకు తిప్పి పెట్టేది. ఇప్పుడు పసుపుపచ్చ సీసాను తీసుకుపోయి బీరువాలో చీరల వెనక చీకట్లో దాచింది. సాయంత్రం తెచ్చి ఆయన చేతికిచ్చింది.

నాగేశ్వర్ గటగటా తాగి, పొట్ట నిమురుకున్నాడు. "ఇయ్యాల ఎండ మస్తుగున్నట్టుంది. నీళ్ళల్ల పవర్ తెలుస్తున్నది."

ఆమెకు నవ్వొచ్చింది. చెబితే గొడవ. చెప్పకపోతే ఆ గెలుపు ఎవరికి తెలియాలి?

గెలుపు భోజనం దాకా కూడా నిలవలేదు. ఆమె జొన్నరొట్టె, వంకాయ కూర ముందు పెడితే ఆయన పళ్ళెం వెనక్కి జరిపాడు.

"రాత్రి తిండి బందు వెట్టిన. సాధన ముదిరితే ఆకలే ఉండదట. సూర్యుడే తినిపిస్తడు."

"సూర్యుడు రొట్టె చేస్తడా?"

"నీకు పరాష్కమే, నవ్వులాటనే! సూర్యుడు పుట్టిందే కంట్లకెల్లి. పాత మంత్రాలల్ల ఉన్నదట, విరాట్ పురుషుని కన్నే సూర్యుడైండని. అందుకే ఆయన్ను కంటితోనే లోపలికి తీసుకోవాలె. ఛాయ చెప్పింది."

అన్నాడు. ఆమె ముందే, బాయి లేదు, మేడం లేదు, పెళ్ళాన్ని పిలిచినట్టు ఛాయ అన్నాడు.

"ఛాయ ఇంకేం చెప్పింది?"

గొంతులోని ముల్లు ఆయనకు తెలియలేదు. హుషారుగా కథ ఎత్తుకున్నాడు. సూర్యుడి భార్య సంజ్ఞాదేవి. మొగుడి వేడికి తట్టుకోలేకపోయింది. తన నీడకు తన రూపమే ఇచ్చి, ఛాయ అని పేరు పెట్టి, పిల్లల్ని అప్పజెప్పి పుట్టింటికి వెళ్ళిపోయింది. ఛాయ సంసారం చేసింది, పిల్లల్ని కూడా కన్నది. ఎన్నో ఏళ్ళకు గాని సంగతి బయటపడలేదు. అప్పుడు మామ విశ్వకర్మ అల్లుణ్ణి సానమీద పెట్టి కొంత వెలుగు చెక్కేశాడు.

"అంటే మనం పసుపును డ్రమ్ముల వేసి పాలిష్ పట్టినట్టు" అంది లక్ష్మీబాయి.

"గట్లనే అనుకో."

"అయితే నాకొక్కటి చెప్పుండ్రి. పక్కల ఉన్నది పెళ్ళామో, పెళ్ళాం నీడనో గన్ని ఏండ్లు గుర్తువట్టలేదా మీ దేవుడు? లోకమంత చూసేటోడు, ఇంట్ల ఆడమనిషి మొకం చూడలేదా?"

"పురాణం తియ్ లక్ష్మీ. గంత లోతుకు పోవద్దు."

"పోయినామె పెళ్ళామా, ఉన్నామె పెళ్ళామా?"

నాగేశ్వర్ చెయ్యి చాచి నీళ్ళ గ్లాసు కోసం తడిమాడు. గ్లాసు ఆ పక్కనే ఉంది. కోపంలో ఉన్న లక్ష్మీబాయి ఆ తడుములాటను చూసి కూడా చూడలేదు.

మర్నాడు ఆయన వెళ్ళాక, ఛాయాబాయిని గుట్ట దగ్గర దించి వచ్చిన ప్రభుదాస్ ఆటోను ఆమె పిలిపించింది. రత్నవ్వ కూడా ఎక్కి కూర్చుంది. "మీరు తిడితే జర గట్టిగ తిట్టుండ్రమ్మా, నాకు ఇనవడాలె" అంది.

గుట్టమీద బండల నడుమ జనం వరుసలుగా, ఒట్టి కాళ్ళతో, తూర్పుకు తిరిగి నిలబడి ఉన్నారు. సూర్యుడు అప్పటికే చెరువు మీదికి లేచి, చూడలేనంత తెల్లగా అయ్యాడు. వరుసల మధ్య ఒకావిడ తిరుగుతోంది. బక్క మనిషి, నెరిసిన జుట్టు, కాళ్ళకు కాన్వాస్ బూట్లు, మెడలో ఈల. ఆమే ఛాయాబాయి.

వయసులో ఉన్న అందగత్తెను చూస్తాననుకుని వచ్చింది లక్ష్మీబాయి. అట్లాంటిదైతే మగబుద్ధి అని తిట్టి ఊరుకోవచ్చు. ఈమె తన ఈడుది. తన ఈడు మనిషిని చూస్తే ఆయన పానం లేచి వస్తుందంటే, ఇంట్లో ఉన్న ఈ మొహం ఏం పాపం చేసింది? ఆ ఆలోచన ఆమెను నిలువునా కోసింది.

"చాలు, చాలు, కొత్తోళ్ళు కండ్లు మూయుండ్రి" అంటోంది ఛాయాబాయి. "నాగేశ్వర్ మాత్రం చూస్తుండాలె. అందరికన్న ముందున్నడు నాగేశ్వర్!"

లక్ష్మీబాయి ఇంకెవర్నీ చూడలేదు. నేరుగా పోయి భర్తకూ సూర్యుడికీ మధ్య నిలబడింది. నాగేశ్వర్ కళ్ళు ఆమె మొహం మీదికి దిగాయి. నీళ్ళు కారుతున్న ఆ కళ్ళతో పెళ్ళాన్ని నిండుగా చూసి, మెత్తగా అన్నాడు:

"ఛాయా, జర జరుగు."

ఎన్నడూ ఆయన్ను ఏకవచనంలో పిలవని మనిషి అరిచింది. "కండ్లు పోయినయా నీకు? ఎవర్ని వట్టుకోని ఏమంటున్నవ్?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. తల అటు తిప్పి, ఇటు తిప్పి, చెయ్యి చాచాడు. "లక్ష్మీ? నువ్వా? గొంతు నీదే గదా?"

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. లక్ష్మీబాయికి నవ్వు వినబడలేదు. చాచిన ఆ చెయ్యి తన భుజానికి జానెడు పక్కగా గాలిని తడుముతోంది. కోపం ఎక్కడికక్కడ గడ్డకట్టింది.

"నా మొకం కనవడ్తలేదా?"

"ఒడ్డు కనవడ్తది. చీర అంచు, చెవి కమ్మ. నడుమ నల్లగ మచ్చ. ఎటు చూస్తే అటే వస్తది." ఆయన గొంతు దించాడు. "శానా రోజులాయె. దుకాణంల కొమ్ము ఇరిస్తే లోపల ఛాయ కనిపిస్తలేదు. గుమస్తాతోని అడిగి చెప్తున్న. మచ్చ వస్తే మంచిదే, సూర్యుడు లోపలికి దిగుతున్నట్టు అని చెప్పింది ఛాయ."

లక్ష్మీబాయి ఆయన చెయ్యి పట్టుకుని ఆటో దాకా నడిపించుకొచ్చింది. రత్నవ్వ ఆయన చెప్పులు పట్టుకుని వెనకే వచ్చింది.

నిజామాబాద్‌లో కళ్ళ డాక్టరు లోపలికంతా చూసి, భూతద్దంతో కాగితం కాల్చినట్టు కంటి వెనక కాలిందన్నాడు. చుక్కల మందు లేదు, ఆపరేషన్ లేదు. ఇక సూర్యుడి వైపు చూడకుండా ఉంటే కొన్ని నెలలకు కొంతైనా మానవచ్చు. మళ్ళీ చూస్తే ఆ కాస్త ఆశ కూడా వదులుకోవాలి. నాగేశ్వర్ ఆటోలో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లక్ష్మీబాయి ఏడవలేదు. ఆమె మనసులో ఒక మూల, చెప్పుకోడానికి సిగ్గయ్యే మూల, ఒక చల్లని సంగతి కూర్చుని ఉంది. ఆయనకు ఛాయాబాయి మొహం కూడా కనబడదు కదా.

మూడోనాడు ఛాయాబాయే ఇంటికి వచ్చింది. గుమ్మంలో ఆగి "నాగేశ్వర్ ఉన్నడా?" అంది.

"నాగేశ్వర్ గారు ఉన్నరు" అంది లక్ష్మీబాయి, గారు అన్నమాటను రెండు చేతులా పట్టుకున్నట్టు.

కూర్చోమన్నాక ఛాయాబాయి కుర్చీని చేత్తో వెతుక్కుని కూర్చుంది. ఎదుటి మనిషి మొహం వైపు కాక చెవి వైపు చూస్తూ మాట్లాడింది. "నాకు నిరుటి సంది ఉన్నది మచ్చ. వరం అనుకున్న. నాకు వచ్చిందే అందరికి రావాలనుకున్న. మోసం చెయ్యలే. డాక్టర్ ఏమన్నడో లచ్చన్న చెప్పినంక, నా కాళ్ళు చేతులు ఆడ్తలేవు."

"మీకు గుండ్రంగుంటదా?" అన్నాడు నాగేశ్వర్ ముందుకు వంగి.

"నాది చింతగింజ లెక్క. కొనలకు మెరుస్తది."

"నాది గూడ మెరుస్తది! పొద్దుగూకంగ ఊదారంగయితది."

"ఔనౌను, ఊదా! కండ్లు మూసినా పోదు."

లక్ష్మీబాయి చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి చూసింది. ఒక ఊరి వాళ్ళు పరాయి దేశంలో కలుసుకున్నట్టు ఆ ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన కష్టాలన్నీ ఆమెవి. ఈ ఒక్క మచ్చలోకి మాత్రం ఆమెకు దారి లేదు. ఈ మనిషికి ఉంది. మొహం చూసుకోకుండానే ఇంత దగ్గరైనవాళ్ళ మీద అసూయపడాలో జాలిపడాలో తెలియక, గ్లాసులు ఠక్కున బల్ల మీద పెట్టింది.

"మీరు దవాఖానకు పోయిండ్రా?"

"లేదు." ఛాయాబాయి తల దించుకుంది. "ఒక్కదాన్నే పోవాలంటే భయమైతది. బస్సు బోర్డు కనవడ్తలేదు."

నాగేశ్వర్ పెళ్ళాం ఉన్న వైపు తిరిగాడు. "లక్ష్మీ, రేపు నన్ను మల్ల చూపించనీకె తీసుకపోతవు గదా. ఈమెను గూడ..."

మాట పూర్తి చేయలేదు. కాదంటే వచ్చిన మనిషి వెళ్ళిపోతుంది. మళ్ళీ రాదు కూడా. కాని, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్న ఆ వేళ్ళు లక్ష్మీబాయికి కనిపిస్తున్నాయి. ఆ గదిలో అన్నీ సరిగ్గా కనిపించేది ఆమె ఒక్కదానికే.

"తీసుకపోత" అంది. "గని ఆటోల నడుమ నేను కూసుంట."

మర్నాడు ప్రభుదాస్ ఆటో నిజామాబాద్ రోడ్డెక్కింది. ఒక పక్క నాగేశ్వర్, ఒక పక్క ఛాయాబాయి, నడుమ మోచేతులు రెండువైపులా చాపుకుని లక్ష్మీబాయి. కాస్త దూరం పోయాక ఆయన ఆమెను దాటి అవతలి వైపు చూడటం గమనించింది.

"గటు ఏం చూస్తున్నరు?"

"నిన్నే. మొకం దిక్కు చూస్తే మచ్చ అడ్డమొస్తది. జర పక్కకు చూస్తె నువ్వు ఒడ్డున కనవడ్తవ్."

ఆ పక్కన ఉన్నది ఛాయాబాయి. లక్ష్మీబాయి అరచేతిని ఆయన చెంపకు ఆనించి, మొహాన్ని మెల్లగా రోడ్డు వైపుకు, పొలాల్లో ఎండుతున్న పసుపు రాశుల వైపుకు తిప్పింది.

"గీ పక్కకు చూసినా కనవడ్త గదా?"

ఆయన కాసేపు సర్దుకున్నాడు. "కనవడ్తున్నవ్."

"గీ దిక్కే చూడుండ్రి" అంది. డాక్టరు దగ్గరికి చేరేదాకా ఆ చెయ్యి తీయలేదు.