తప్పులు పట్టే పాఠం

కాలేజీలో పలకరించొద్దని నా కన్నకూతురే నాకు చెప్పింది. డెబ్బై తొమ్మిదిలో, టీచరు ట్రైనింగు మొదలైన రోజు, అమలాపురం బస్టాండులో అటూ ఇటూ చూసి మరీ చెప్పింది.

"నలభై నాలుగేళ్ళ దానివి, నువ్వొచ్చి నా క్లాసులో కూర్చుంటే నా తలకాయ ఎక్కడ పెట్టుకోమంటావ్? అక్కడ నువ్వెవరో, నేనెవరో."

ఒళ్ళు మండింది. నాకేమైనా సరదానా? నగరం అనే ఊరి దగ్గర మా చర్చి బడిలో ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్నాను. ట్రైనింగు లేనివాళ్ళను తీసేస్తామని ఇన్‌స్పెక్టరు గారు అనబట్టి ఈ వయసులో సంచి తగిలించుకున్నాను. మా అమ్మాయి కృపావతికి అదే ఏడు సీటు రావడం నా తప్పా? అది హాస్టల్లో ఉండేది, నేను బస్సులో వచ్చి పోయేదాన్ని. ఎదురుపడితే మొహం తిప్పుకునేది. దాని పరువు నేనెందుకు తియ్యాలని ఊరుకున్నాను.

ఇంకో పక్క సైకాలజీ చెప్పే వెంకటరాజు గారు దాపురించారు. మనిషి పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా ఎలా నేర్చుకుంటాడో బోర్డు మీద గీత గీసేవారు. పాతికేళ్ళ దాకా పైకి పోయిన గీత నలభై దగ్గర జారిపోయేది. అక్కడ సుద్దముక్క ఆపి, నావైపు చూసి నవ్వేవారు. క్లాసంతా నవ్వేది. కృపావతి కూడా.

చివరికి పరీక్ష పాఠం వచ్చింది. తోటివాళ్ళు వెనక కూర్చుని తప్పులు పట్టాలి, అవి విని ఆయన మార్కులు వెయ్యాలి. తప్పితే నా బడి పోయినట్టే. మూడో తరగతి పిల్లల ముందు కొబ్బరికాయ కొట్టి సగం, పావు చెప్పాను. చిట్టిబాబనే కుర్రాడు ఏది పావో తేల్చుకోలేక ముక్కలు తిప్పి తిప్పి చూస్తుంటే, ఆగాను. ఆఖరికి వాడే చెప్పాడు. పాఠం బాగా వచ్చిందనుకున్నాను.

"తప్పులు చెప్పండి," అన్నారు వెంకటరాజు గారు. అందరికన్నా ముందు కృపావతి లేచింది.

"చార్టు వాడలేదండి. ఒక్క పిల్లాడి కోసం క్లాసంతా ఆపేసేరండి. ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదండి. నేర్చుకునే వయసు దాటిపోయిందండి."

"బాగా చెప్పేవమ్మా," అని ఆయన పెన్ను తీశారు. "ఏమంటారు మాణిక్యం గారూ?"

బడి పోతే పోనీ అనిపించింది.

"ఆయ్, ఆ అమ్మాయి గారు చెప్పింది నిజమేనండి. చాలా ఎక్కలేదు. ఒక్కటి మాత్రం ఎక్కిందండి. నా కడుపున పుట్టిన పిల్ల ఎదురొస్తుంటే, ఎవరో దారినపోయే మనిషిలా పక్కకి తప్పుకోడం. అది ఈ ఏడే, ఇక్కడే నేర్చుకున్నానండి. నేర్పింది ఆవిడేనండి."

ఎవరూ నవ్వలేదు. వెంకటరాజు గారు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు.

"అమ్మా," అంది కృపావతి, అందరూ వింటుండగా.

"కూర్చోండి," అన్నాను. "ఇంకా తప్పులు చెప్పేవాళ్ళున్నారు."