ప్రస్థానం మూట

తలకిందులుగా నిలబెట్టిన సైకిలు వెనక చక్రాన్ని తిప్పి, బాలశౌరి చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. కిరకిర లేదు. చువ్వలను ఒక్కొక్కటే వేలితో మీటాడు. ఏదీ బొంగురుగా పలకలేదు. అతని లుంగీ మోకాళ్ల దగ్గర గ్రీజు పట్టి తోలులా బిగుసుకుంది. ఎప్పుడో సుత్తి దెబ్బ తిన్న బొటనవేలి గోరు నల్లగా, మందంగా పెరిగింది.

విద్యాధరపురంలో హైదరాబాదు రోడ్డు పక్కన ఉంది ఆ రేకుల షాపు. సైకిలు మాత్రం చిన్ననాటి స్నేహితుడు రామకోటేశ్వరరావుది. ఈ సాయంత్రం అతను దాని మీద కాశ్మీరు బయలుదేరుతున్నాడు.

ఆ యాత్ర పుట్టింది బాలశౌరి నోట్లో. ఇద్దరికీ పెళ్లి కాని రోజుల్లో, బ్యారేజీ మీద కూర్చుని, "ఇట్లా తొక్కుకుంటా పోతే ఎక్కడో అక్కడ మంచు కనపడదంటావురా?" అన్నది అతనే. ఏ నెలలో బయలుదేరితే నర్మద దగ్గర వానలు తప్పుతాయో లారీ డ్రైవర్లను అడిగి తెలుసుకున్నదీ అతనే. తీరా బయలుదేరబోయే వారంలో అతని తల్లి శౌరమ్మకి పక్షవాతం వచ్చింది. "నువ్వు లేకుండా నేనెట్లా పోతాన్రా" అని కోటేశ్వరరావు కూడా ఆగిపోయాడు. ఆ మాటను బాలశౌరి ఇన్నేళ్లూ దాచుకున్నాడు.

మొన్న ఈస్టరు ముందు శౌరమ్మ పోయింది. ఆ సంగతి కోటేశ్వరరావుకి తెలుసు. శవపెట్టెకి భుజం పట్టినవాడే. అయినా కరెంటాఫీసులో పక్క సీటు వెంకటకృష్ణారావుతో కలిసి పోతున్నాడు. బాలశౌరిని రమ్మనలేదు. అడిగితే షాపు వదిలి రాలేనని చెప్పేవాడేమో. అలా చెప్పే వీలు కూడా లేకుండా చేశాడు.

మధ్యాహ్నం భార్య మార్త క్యారేజీ తెచ్చింది.

"పొద్దుటినుంచీ ఆ ఒక్క సైకిలేనా? పెళ్లికూతుర్ని చేస్తున్నట్టున్నావే."

"పెళ్లి మనది కాకపోయినా పసుపు నూరాల్సింది మనమేగా."

"నేనూ వస్తానని నోరు తెరిచి అనొచ్చుగా."

"పిలవని పేరంటానికా?"

మార్త చేపల పులుసు గిన్నె అతని వైపు జరిపి వెళ్లిపోయింది.

చివరి పని ఎడమ పెడలు. ఆ పెడలు కడ్డీని ఇరుసుకి పట్టి ఉంచే కాటరు పిన్నును రంధ్రంలో పెట్టి, బాలశౌరి సుత్తి ఎత్తాడు. మళ్లీ దించాడు. నట్టును వేళ్లతో తిప్పి వదిలేశాడు. పైకి చూస్తే ఏమీ తెలియదు. కొండపల్లి చేరేసరికి కడ్డీ ఊగుతుంది. కోటిగాడు తిరిగొస్తాడు.

చెయ్యి తుడుచుకుంటుంటే గోడకున్న తెల్ల తువ్వాలు మూట కనపడింది. ముహూర్తం బుధవారం కుదిరింది, సెలవు శుక్రవారం నుంచి దొరికింది. అందుకని కోటేశ్వరరావు తల్లి సీతారావమ్మ ఆ మంచి గడియలో, ప్రయాణం సాగే వైపే ఉందని, కొడుకు చొక్కా, పసుపు బియ్యం కట్టిన ఈ మూటను ఈ షాపులో ప్రస్థానంగా పెట్టించింది. మూట కదిలితే మనిషి కదిలినట్టే. వెళ్లేటప్పుడు దాన్ని వెంట తీసుకుపోవాలి.

అతను మూట వంక చూస్తూ కూర్చున్నాడు. కొండపల్లిలో పెడలు ఊగితే కోటిగాడు వెనక్కే వస్తాడని ఏముంది? అక్కడ ఇంకో షాపు ఉంటుంది. ఇంకొకడెవడో, "ఎవరు బిగించారండీ దీన్ని?" అని నవ్వుతాడు. వాడి సుత్తి దెబ్బ ఈ సైకిలు మీద పడుతుంది. ఆ ఊహ వెంకటకృష్ణారావు కంటే ఎక్కువగా మండించింది. చటుక్కున లేచి, కింద చెక్క దిమ్మ ఆనించి, పిన్ను పూర్తిగా దిగేదాకా కొట్టాడు. నట్టును పానాతో బిగించాడు.

తర్వాత పనిముట్ల పెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉన్న బెల్లు తీశాడు. అప్పట్లో ఆ యాత్ర కోసమే కొన్నాడు. ఏ సైకిలుకీ బిగించలేదు. మూట ముడి విప్పి, చొక్కా మడత పక్కన, పసుపు కలిపిన బియ్యంలో పెట్టి, మళ్లీ ముడి వేశాడు.

ఎండ తగ్గాక ఆఫీసువాళ్లు దండలతో వచ్చారు. "మెకానిక్ గారూ, కాస్త పక్కకి జరగండి. వెనక బ్యానరు కనపడాలి" అన్నాడు ఫోటోగ్రాఫరు. బాలశౌరి గడప లోపలికి జరిగాడు.

"కోటీ, మూట మరిచిపోయేవు" అంది సీతారావమ్మ.

వెంకటకృష్ణారావు దాన్ని అందుకుని చేత్తో తూచాడు. "ఇంత బరువేంటండీ? మీ అమ్మగారు రుబ్బురోలు గానీ కట్టారా?"

అందరూ నవ్వారు. కోటేశ్వరరావు బల్ల మీద మూట విప్పాడు. చొక్కా సంచిలో పెట్టుకున్నాడు. బియ్యాన్ని తువ్వాలు కొంగున కట్టుకున్నాడు. చేతికి బెల్లు తగిలింది.

"ఇది నీదేగా! అప్పుడు కొన్నావే. ఇంకా దాచావా?"

"ఉంది."

"పొరపాట్న ఇందులో పడ్డట్టుంది. దార్లో ఎక్కడన్నా పోతే మళ్లీ దొరకదురా."

"అవును. పొరపాట్నే."

కోటేశ్వరరావు బెల్లును జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, బాలశౌరి భుజం నొక్కాడు. "వస్తాన్రా."

"ఇబ్రహీంపట్నం దగ్గర లారీలు చూసుకో."

సైకిళ్లు రెండూ రోడ్డెక్కాయి. వెనక చక్రం ఏ వంకరా లేకుండా తిరుగుతూ పోయింది. అది లారీ దుమ్ములో కలిసేదాకా బాలశౌరి గడపలోనే నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి, బెల్లు తుడుద్దామని గుడ్డ అందుకుని, మళ్లీ పక్కన పడేశాడు.

బల్ల మీద, ఎవరూ మోగించని ఆ బెల్లు ఒక పక్కంతా పసుపు అంటుకుని ఉంది. దాని పక్కన నాలుగు బియ్యపు గింజలు.